తుప్పు ఎటువైపు నుంచి వస్తుంది?

విజయవాడ ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ షెడ్డు. భాద్రపదం వానలు ఇంకా పూర్తిగా వదల్లేదు. షెడ్డు యజమాని రేకుపనిలో తలపండిన మేస్త్రి. ఆయన మేనల్లుడు ఒక కంపెనీ వర్క్‌షాపులో బాడీ విభాగం చూస్తాడు, సెలవని మావయ్య దగ్గరికి వచ్చాడు. ఇద్దరి ముందూ బందరు నుంచి వచ్చిన తెల్ల సెడాన్ ఉంది. కుడివైపు వెనక డోరు కింది అంచు, దాని కింద రన్నింగ్ బోర్డు రెండూ ఉబ్బాయి. రెండేళ్ళ కిందట ఇంకెక్కడో ఇదే చోట పని చేయించారట. అప్పుడు అద్దంలా ఉన్న పెయింటు ఇప్పుడు గోరు తగిలితే పెచ్చుగా ఊడివస్తోంది. తప్పు ఎక్కడ జరిగిందన్న దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది.

మేనల్లుడు: ఇంకేం సాక్ష్యం కావాలి మావయ్యా! ఈ పెచ్చు వెనక పుట్టీ చూడు, ఎంత మందమో. వేళ్ళ మధ్య నలిపితే చెమ్మ తగులుతోంది. కింద ప్రైమర్ లేదు, ఏమీ లేదు. ఉత్త రేకు మీద పుట్టీ పూసి, వాటర్ పేపరుతో రుద్ది, మీద రంగు కొట్టేశారు. పుట్టీ తాగిన నీళ్ళే ఈ రేకుని తిన్నాయి.

మేనమామ: తొందరపడకు. ఆ స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వు. ఇదిగో, ఇక్కడ గుచ్చుతున్నా. చూశావా, ఎలా దిగిపోయిందో? ఇప్పుడు పుట్టీ పూర్తిగా చెక్కేసి రేకు మొహం చూడు. అప్పటి గ్రైండరు గీతలు ఇంకా అక్కడక్కడా కనపడుతున్నాయి. పైనించి తినుకుంటూ వచ్చుంటే ఆ గీతలు మిగలవు. వెనకవైపు వేలు పెట్టు. పొరలు పొరలుగా రాలుతోందా లేదా? ఇది వెనకనించి వచ్చిన తుప్పురా. మీరంతా పైనున్న పెయింటుని చూసి తీర్పు చెబుతారు.

మేనల్లుడు: వెనకనించే వచ్చిందనుకో, పుట్టీ కింద ఎపాక్సీ ప్రైమర్ ఉంటే ఇంత తొందరగా బయటపడేది కాదు.

మేనమామ: బయటపడకపోవడం వేరు, రాకపోవడం వేరు. ముందు ఈ డోరు ప్యాడ్ ఊడదీసి లోపల చూద్దాం. చూడు, ప్యాడ్ వెనక ప్లాస్టిక్ కాగితం. సగం చిరిగి వేలాడుతోంది. ఇదివరకు విప్పినవాడు మళ్ళీ అతికించకుండా వదిలేశాడు. అందుకే ఆ పక్క ఫ్లోర్ మ్యాటు కింద ఫెల్టు కూడా తడిసి ముక్కవాసన కొడుతోంది. ఇప్పుడు డోరు అడుగుకి రా. అంచులో ముందొకటి, వెనకొకటి బెజ్జాలు ఉండాలి. ఏవీ?

మేనల్లుడు: నల్లటి సీలర్ పూసేసినట్టున్నారు. మట్టి కూడా గట్టిపడింది.

మేనమామ: అదీ సంగతి. డోర్లోకి నీళ్ళు రావడం తప్పు కాదు. గ్లాసు దిగే చోట బయట రబ్బరు బీడింగు ఉంటుంది కదా, అది నీళ్ళని పూర్తిగా ఆపదు. వాన పడ్డా, కడిగినా గ్లాసు వెంబడి కొంత లోపలికి జారాల్సిందే. కంపెనీవాళ్ళకి ఆ సంగతి తెలుసు కాబట్టే అడుగున బెజ్జాలు పెట్టారు. ఇక్కడ పనిచేసినవాడు నీళ్ళు రాకుండా చేస్తున్నాననుకుని, వచ్చిన నీళ్ళు పోయే దారి మూసేశాడు. రెండేళ్ళు ఆ డోరు తొట్టిలా నీళ్ళు పట్టుకుని తిరిగింది.

మేనల్లుడు: ఒప్పుకుంటా. కానీ నువ్వు దీన్నించి లాగే నీతి నాకు తెలుసు. "దారి వదిలితే చాలు, రేకు దానంతటదే ఆరుతుంది" అంటావు. అది చాలదు మావయ్యా. ఆరే లోపల కూడా ఇనుము తినబడుతూనే ఉంటుంది. మామూలు ఇనుము మీద గాలిలో తేమ వందకి అరవై దాటితే చాలు, కంటికి కనపడనంత సన్నటి నీటిపొర కూర్చుంటుంది. బందరులో అరవై దాటని రోజులు ఏడాదికి ఎన్నుంటాయి? పైగా అక్కడిది ఉప్పుగాలి. మామూలు ఉప్పు తేమ వందకి డెబ్భై అయిదు దాటితే కరిగి నీరవుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడు కూడా ఉంటుంది, దానికి ముప్పై మూడు చాలు. అంటే మిట్టమధ్యాహ్నం కూడా ఆ రేకు మీద ఉప్పు పేరుకున్న చోట తడి ఉన్నట్టే లెక్క. నువ్వు ఎన్ని బెజ్జాలు పెట్టినా ఆ తడి కారిపోయేది కాదు. ఇనుముకీ తడికీ మధ్య గట్టి పొర ఉండాల్సిందే.

మేనమామ: ఉప్పు సంగతి బాగా చెప్పావు. అందుకే బందరు, కాకినాడ, వైజాగ్ బళ్ళు వస్తే నేను సుత్తి పట్టుకునేముందు నీళ్ళ పైపు పట్టుకుంటా. మా కుర్రాళ్ళు నవ్వుతారు, తుప్పు పట్టిన బండిని మళ్ళీ కడగడమేమిటని. ఉప్పు పోవాలంటే మంచినీళ్ళే కావాలి. థిన్నరు గుడ్డతో తుడిస్తే గ్రీజు పోతుంది గానీ ఉప్పు పోదు.

మేనల్లుడు: అది పక్కా పద్ధతే. ఉప్పు మీద పెయింటు వేస్తే ఆ పెయింటులోంచే నీళ్ళని లోపలికి లాక్కుంటుంది. పెయింటు పొర నీళ్ళని పూర్తిగా ఆపదు, ఎంతో కొంత పోనిస్తుంది. కింద ఉప్పుంటే నీళ్ళు అక్కడికే చేరి పొక్కులు లేస్తాయి. చెమట చేతితో ఉత్త రేకుని తడిమినా అదే జరుగుతుంది. మా వర్క్‌షాపులో ప్రైమర్ కొట్టేముందు గ్లౌజులు లేకుండా రేకు ముట్టుకోనివ్వం.

మేనమామ: మీ వర్క్‌షాపు గురించే అడుగుతా. కొత్త బండి డెలివరీ రోజున కింద నల్లటి రబ్బరు పూత ఒకటి అమ్ముతారే, దాని సంగతేమిటి? కొత్త బండికి వేస్తే వేశారు. నాలుగేళ్ళ బండి కింద బురద సరిగ్గా కడక్కుండా, తుప్పు గీరకుండా పూసే షాపులు ఎన్ని లేవు! బయటికి నున్నగా నల్లగా ఉంటుంది. అంచున ఎక్కడో చిన్న పగులు. అందులోంచి నీళ్ళు దూరతాయి, బయటికి రాలేవు. అలాంటి బండిని జాకీ ఎక్కించి, ఆ పూత పట్టుకు లాగితే చాపలా ఊడొస్తుంది. దాంతోపాటే రేకు కూడా. నువ్వన్న గట్టిపొర అక్కడ ఉంది కదా, మరి కాపాడిందా?

మేనల్లుడు: కాపాడలేదు, ఎందుకో చెబుతా విను. కేంబ్రిడ్జిలో ఉలిక్ ఎవాన్స్ అని ఒకాయన 1920ల్లో ఒక ప్రయోగం చేశాడు. నున్నటి ఇనుము మీద ఒక్క ఉప్పునీటి చుక్క వేసి కూర్చుని చూశాడు. ఎక్కడ తుప్పు మొదలవ్వాలి అంటావు?

మేనమామ: గాలి తగిలే అంచునే కదా.

మేనల్లుడు: అందరూ అలాగే అనుకుంటారు. కానీ తినబడింది చుక్క నడుమ. అంచుకి గాలి బాగా అందుతుంది, నడిమికి అందదు. ఒకే ఇనుము మీద గాలి అందే చోటుకీ అందని చోటుకీ మధ్య కరెంటు పుడుతుంది. గాలి అందని చోటు ఇనుముని వదులుకుంటుంది, అందే చోటు బాగుంటుంది. ఊడిపోయిన రబ్బరు పూత కింద, ఎండిపోని మట్టి కింద, రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కూర్చున్న సందులో, చెమ్మపట్టిన పుట్టీ కింద జరిగేది అదే. అందుకే నువ్వు చూసినప్పుడు పైన నున్నగా, లోపల చాపలా ఉంటుంది. ఆ తుప్పు అసలు ఇనుము కన్నా కొన్ని రెట్లు చోటు తీసుకుంటుంది కాబట్టి సందుని తోసుకుని వెడల్పు చేస్తుంది. వెడల్పైన సందులోకి ఇంకా నీళ్ళు పోతాయి.

మేనమామ: మరి నువ్వు చెప్పిందే నా మాట కాదుట్రా? సగం మూసింది అసలు మూయని దానికన్నా చెడ్డది.

మేనల్లుడు: సగం మూసింది చెడ్డదే. అందుకని పూర్తిగా మూసిందాన్ని వద్దనకు. నేను మూయాలంటున్నది రేకుని. నువ్వు మూయొద్దంటున్నది డోరు లోపలి ఖాళీని. ఈ రెండూ ఒకటి కాదు. ప్రతి రేకు ముక్కకీ రెండు వైపులా పొర ఉండాలి, ఆ ఖాళీకి కింద దారి ఉండాలి.

మేనమామ: చెప్పడం తేలిక. పని మొదలుపెట్టు, ఎక్కడెక్కడ నీ పొర నిలబడదో నేను చూపిస్తా. ముందు ఈ రన్నింగ్ బోర్డు. కుళ్ళినంత మేర కోసెయ్యాలి. ఎంతవరకు?

మేనల్లుడు: గ్రైండరు పెడితే రెండు పక్కలా తెల్లగా మెరిసే రేకు దొరికేదాకా. గుంటల్లో నల్లచుక్క కనపడితే ఇంకా పని ఉన్నట్టే.

మేనమామ: అన్ని గుంటలూ కోసుకుంటూ పోతే బండి మిగలదు. లోపలి బలపు రేకు మీద పైపైన పట్టిన తుప్పుకి నేను యాసిడ్ ద్రావకం పూస్తా. నల్లగా మారి గట్టిపడుతుంది. దానికేం అభ్యంతరం?

మేనల్లుడు: పల్చగా, గట్టిగా అంటుకుని ఉన్న తుప్పుకైతే ఏ అభ్యంతరమూ లేదు. టానిన్ ఉన్న ద్రావకం అయితే తుప్పుతో కలిసి నల్లటి టానేటుగా మారుస్తుంది. ఇది మన వైపువాళ్ళకి కొత్త విద్యేం కాదు మావయ్యా. పెడనలో కలంకారీవాళ్ళు గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచి, ఇనుప తుక్కు బెల్లంతో పులియబెట్టిన ద్రావకం దాని మీద అద్దితే నలుపు వచ్చేది ఈ రసాయనంతోనే. కాకపోతే వాళ్ళకి కావలసింది రంగు, మనకి కావలసింది అడుగుదాకా మారడం. పొరలు లేచిన తుప్పు మీద పూస్తే పైపొర నల్లబడుతుంది, కింద ఎర్రగానే ఉంటుంది. ఇక ఫాస్ఫారిక్ యాసిడ్ అయితే, మిగిలింది కడగకుండా దాని మీద పుట్టీ గానీ ఎపాక్సీ గానీ వేస్తే రెండూ సరిగ్గా పట్టవు. పుట్టీలో హార్డెనర్ పనిని యాసిడ్ చెడగొడుతుంది.

మేనమామ: కడిగితే మళ్ళీ తడి. ఆరబెట్టాలి. సరే, ఒప్పుకున్నా. ఇప్పుడు ముక్క వెయ్యాలి. నేనైతే అంచుకి అంచు ఆనించి చుక్కలు చుక్కలుగా వెల్డింగు పెడతా. కుర్రాళ్ళు తేలికని రేకు మీద రేకు వేసి అతికిస్తారు. ఇందాక నువ్వే చెప్పావు, రెండు రేకుల సందే తుప్పుకి ఇల్లని.

మేనల్లుడు: అంచుకి అంచు అన్ని చోట్లా కుదరదు. బయటి రేకు 0.7 మిల్లీమీటరు మందం ఉంటుంది. పొడుగాటి అతుకు పెడితే వేడికి వంకర్లు పోతుంది, ఆ వంకర్లని దాచడానికి మళ్ళీ మందంగా పుట్టీ. రేకు మీద రేకు వేసే చోట జింకు ఉన్న వెల్డింగ్ ప్రైమర్ రెండు ముఖాలకీ పల్చగా కొట్టి, వెల్డింగు అయ్యాక అంచుని సీలరుతో మూస్తే ఆ సందు సందే కాదు.

మేనమామ: మూయకముందు ఏ రేకు పైకి రావాలో చూసుకో. పైనున్న రేకు అంచు కింద రేకు మీదికి రావాలి, పెంకుటిల్లు నేసినట్టు. తిరగబడి వేస్తే జారే నీళ్ళన్నీ సందులోకే. ఏ సీలరూ నీళ్ళ దారికి ఎదురు నిలబడి ఎన్నాళ్ళో ఉండదు. ఇంకొకటి, హార్డ్‌వేర్ షాపులో దొరికే బాత్రూము సిలికాన్ మాత్రం నా షెడ్డులో కనపడకూడదు.

మేనల్లుడు: నేనూ అదే అనబోయా. వెనిగర్ వాసన వచ్చేదైతే మరీను. ఆ వాసన అసిటిక్ యాసిడ్‌ది, గట్టిపడేటప్పుడు వదులుతుంది. ఉత్త రేకు మీద పెడితే మనమే యాసిడ్ పోసినట్టు. దాని మీద పెయింటు కూడా నిలవదు. సీలర్ ఎప్పుడూ కార్లకి చేసినదే కావాలి, అదీ ప్రైమర్ వేసిన తర్వాతే.

మేనమామ: ఇప్పుడు అసలు ప్రశ్న. వెల్డింగు పెట్టావు. బయటివైపు అంతా గ్రైండ్ చేశావు, నీ ఎపాక్సీ కొట్టావు. వెనకవైపు ఏమైంది?

మేనల్లుడు: కాలింది.

మేనమామ: అక్కడ కంపెనీ వేసిన పెయింటు మాడిపోయింది. జింకు పూత ఉన్న రేకైతే అది కూడా పోయింది. ఆ రన్నింగ్ బోర్డు గొట్టం లోపలికి నీ చెయ్యి వెళ్ళదు, గన్ను వెళ్ళదు. బయటనించి ఎంత ఖరీదైన ప్రైమర్ కొట్టినా వెనక మాడిన గీత వెంబడి తుప్పు మొదలవుతుంది. ఈ బండి రన్నింగ్ బోర్డుకి జరిగింది అదే. ముక్క వేసిన చోటే ఉబ్బింది చూడు, పక్కన బాగానే ఉంది. మీ కంపెనీ ప్రైమర్లన్నీ బయటి మొహానికే.

మేనల్లుడు: నువ్వు చెప్పింది నిజం. జింకు 907 డిగ్రీలకే ఆవిరైపోతుంది. ఇనుము కరగాలంటే 1,500 దాకా వెళ్ళాలి. అంటే జింకు పోకుండా వెల్డింగు కుదరదు. ఫ్యాక్టరీలో బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, కరెంటుతో పూత పట్టించి, పొయ్యిలో కాలుస్తారు. ఆ పూత గొట్టాల లోపలికీ చేరుతుంది. షెడ్డులో అది మళ్ళీ చెయ్యలేం. దానికి బదులు ఉన్నది ఒకటే. క్యావిటీ వ్యాక్స్. సన్నటి పొడుగాటి ట్యూబు, చివర చుట్టూ చిమ్మే నాజిలు. డ్రెయిన్ బెజ్జంలోంచో, రబ్బరు మూత తీసిన రంధ్రంలోంచో లోపలికి చివరిదాకా తోసి, వెనక్కి లాగుతూ కొడితే చుట్టూ పొగలా పడుతుంది. ఆ వ్యాక్స్ సందుల్లోకి తనంతట తనే పాకుతుంది, గట్టిపడి పగలదు.

మేనమామ: దాన్ని ఎప్పుడు కొడతావు?

మేనల్లుడు: అన్నిటికన్నా ఆఖర్న. వెల్డింగుకి ముందు కొడితే అంటుకుంటుంది, పొగ. పెయింటుకి ముందు కొడితే ఎక్కడో చోట కారి పెయింటులో చేపకళ్ళలాంటి గుంటలు పడతాయి. రంగు పని అయి, ఆరి, డోరు ప్యాడ్ బిగించే ముందు.

మేనమామ: కొట్టిన తర్వాత బెజ్జంలో పుల్ల పెట్టి చూడు. వ్యాక్స్ కారి బెజ్జం మూసుకుంటే మళ్ళీ మొదటికొచ్చాం. నేను ఇంకొకటి చేస్తా. ప్యాడ్ వేసేముందు గ్లాసు మీద చెంబుడు నీళ్ళు పోసి కింద కూర్చుంటా. రెండు బెజ్జాల్లోంచీ కారాలి. ఒక దాంట్లోంచే వస్తే బండి ఇవ్వను.

మేనల్లుడు: అది మా చెక్‌లిస్టులో లేదు. ఉండాలి.

మేనమామ: చెక్‌లిస్టులో లేనివి ఇంకా ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ బళ్ళు ఈ ఆటోనగర్‌కి వరసకట్టాయి. ఇంజను చూపించుకున్నారు, సీట్లు ఆరబెట్టుకున్నారు, సెంటు కొట్టుకున్నారు. రన్నింగ్ బోర్డు లోపల ఏముందో అడిగినవాళ్ళు తక్కువ. బెజ్జంలోంచి తీగ పెట్టి కదిలిస్తే ముద్దముద్దగా ఒండ్రు వచ్చేది. తడి మట్టి వెనక గాలాడదు, నీ కేంబ్రిడ్జి ఆయన చెప్పినట్టే. అలాంటి దాని మీద నీ వ్యాక్స్ కొడితే మట్టికి వ్యాక్స్ పట్టించినట్టు. ముందు పైపు పెట్టి తేటనీళ్ళు వచ్చేదాకా కడగాలి. తర్వాత తలుపులు తెరిచి, మ్యాట్లు తీసి, ఎండలో పెట్టి, గాలి కొట్టి ఆరబెట్టాలి. నా లెక్కలో తుప్పు పనిలో సగం ఆరబెట్టడమే.

మేనల్లుడు: ఆరబెట్టడం అన్నావు కాబట్టి అడుగుతా. పుట్టీని వాటర్ పేపరుతో ఎందుకు రుద్దిస్తావు? పాలిస్టర్ పుట్టీలో చాలా భాగం టాల్కం పొడే. అది నీళ్ళు పీలుస్తుంది. పైకి ఆరినట్టుంటుంది, మీద రంగు పడ్డాక ఎండకి ఆ చెమ్మ ఆవిరై పొక్కులవుతుంది, కొంత రేకు వైపు దిగుతుంది. పుట్టీని పొడిగానే రుద్దాలి. నీళ్ళ పేపరు పట్టాలంటే రెండు డబ్బాలు కలిపి వాడే సర్ఫేసర్ కొట్టి, అది గట్టిపడ్డాక పట్టు.

మేనమామ: ఎందుకు రుద్దిస్తానో చెబుతా, నీ పుస్తకంలో ఇది ఉండదు. పొడిగా రుద్దితే షెడ్డంతా తెల్లటి దుమ్ము. ఆ దుమ్ము పొద్దున్నించి సాయంత్రందాకా పీల్చేది నా కుర్రాళ్ళు. మీకు దుమ్ము లాగే మిషన్లున్నాయి. నాకు టేబుల్ ఫ్యాను ఉంది. నీళ్ళు పోస్తే దుమ్ము లేవదు, పేపరు ఎక్కువసేపు వస్తుంది. రేకు ఊపిరి కాపాడమంటున్నావు, మనిషి ఊపిరి సంగతేమిటి?

మేనల్లుడు: దానికి నేను ఎదురు చెప్పను. కానీ దుమ్ముకి మందు నీళ్ళు కాదు, మాస్కు. గుడ్డ కట్టుకోవడం కాదు, ఫిల్టరున్న మాస్కు. ఇసకపేపరు బ్లాకుకి వ్యాక్యూమ్ క్లీనరు గొట్టం తగిలించుకునేవి కూడా వస్తున్నాయి. అసలు పుట్టీ తగ్గిస్తే దుమ్మే తగ్గుతుంది. నీలాంటి మేస్త్రి డాలీ, సుత్తితో రేకుని మట్టానికి తెస్తే దాని మీద పుట్టీ కాగితం మందం చాలు.

మేనమామ: పొగిడి పని చేయించుకుంటున్నావు. సరే, నీ ఎపాక్సీ పుట్టీకి కిందా, మీదా?

మేనల్లుడు: కిందే. మెరిసే రేకు 80 నంబరు పేపరుతో గరుకు చేసి, తుడిచి, ఆ రోజే ఎపాక్సీ. రాత్రి వదిలితే తెల్లారేసరికి రేకు మీద నారింజరంగు నీడ పడుతుంది, మళ్ళీ మొదటినించి రుద్దుకోవాలి. ఎపాక్సీ గట్టిపడ్డాక, డబ్బా మీద రాసిన గడువులోపల, దాని మీద పుట్టీ. గడువు దాటితే గరుకు చేసి వెయ్యాలి. అప్పుడు పుట్టీలో చెమ్మ ఉన్నా కింద రేకుకి అంత తేలిగ్గా అందదు. నువ్వు కొట్టే రెడ్ ఆక్సైడు, ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) ప్రైమరు ఆ పని చెయ్యవు. అవి నీళ్ళని దూరనిస్తాయి. ప్రైమర్ మీద బండిని నాలుగు వానల్లో తిప్పితే లోపల తుప్పు మొదలైనట్టే.

మేనమామ: "ప్రైమర్ కొట్టి ఇచ్చెయ్యండి, డబ్బులు సర్దుకున్నాక రంగు వేయించుకుంటా" అనేవాళ్ళతోనే నాకు తంటా. ఇంకొకటి అడుగుతా. డోరు స్కిన్ కొత్తది తెప్పిస్తే దాని మీద నల్లటి పూత ఉంటుంది. దాన్ని గీకి, మళ్ళీ నీ ఎపాక్సీ వెయ్యాలా?

మేనల్లుడు: కంపెనీదైతే గీకకు. అది ఫ్యాక్టరీ తొట్టిలో పట్టిన పూత, మనం వేసే దేనికన్నా గట్టిది. గరుకు చేసి వదులు. బయటి మార్కెట్ రేకైతే గుడ్డకి థిన్నరు పట్టించి తుడిచి చూడు. నలుపు గుడ్డకి వచ్చేస్తే అది దారిలో తుప్పు పట్టకుండా పూసిన ఉత్త రంగు. అది మాత్రం పూర్తిగా తీసెయ్యి.

మేనమామ: పనికొచ్చే మాట. ఇప్పుడు నేనొకటి చెబుతా. ఈ కాలంలో పొద్దున్నే ప్రైమర్ కొట్టొద్దు. షెడ్డు తెరిచేసరికి రేకు చల్లగా ఉంటుంది, బయట గాలి వేడెక్కుతూ ఉంటుంది. బానెట్ మీద అరచెయ్యి పెడితే జిగటగా తగులుతుంది. ఆ జిగట నీళ్ళే. పదకొండు దాటాకే గన్ను.

మేనల్లుడు: దానికి లెక్క కూడా ఉంది. గాలి 30 డిగ్రీలుండి తేమ వందకి ఎనభై ఉంటే, 26 డిగ్రీల దగ్గర మంచు పడుతుంది. రేకు దానికన్నా కనీసం 3 డిగ్రీలు వెచ్చగా ఉండాలి. అంటే 29 దాటాలి. రాత్రంతా సిమెంటు నేల మీద నిలబడ్డ బండికి పొద్దున ఎనిమిదింటికి అంత వేడి ఉండదు.

మేనమామ: నా అరచేతికి నీ లెక్క తెలియదు గానీ, ఇద్దరిదీ ఒకటే మాట. కంప్రెషర్ సంగతి కూడా చెప్పు.

మేనల్లుడు: గాలిని నొక్కితే అందులో తేమ నీరై ట్యాంకు అడుగుకి చేరుతుంది. రోజూ అడుగు వాల్వు తిప్పి వదలాలి. వాటర్ ట్రాపుని కంప్రెషర్ మూతి దగ్గరే బిగిస్తే లాభం లేదు. అక్కడ గాలి ఇంకా వేడిగా ఉంటుంది, తేమ ఆవిరిగానే దాటిపోతుంది. పైపు దూరం పోయి గాలి చల్లబడ్డాక, గన్నుకి దగ్గర్లో పెట్టాలి. నీది కంప్రెషర్ పక్కనే ఉంది.

మేనమామ: మారుస్తాలే. అన్నీ బాగున్నాయి. ఇప్పుడు లెక్క వెయ్యి. ఎపాక్సీ, వెల్డింగ్ ప్రైమర్, సీలర్, వ్యాక్స్, ఆరబెట్టే రోజులు. ఈ బండి ఆయన పెన్షన్ మీద బతికే మాస్టారు. పక్క షెడ్డువాడు సగం రేటు చెబుతాడు, మూడు రోజుల్లో ఇస్తాడు. ఇన్సూరెన్సులో రాయిద్దామంటే తుప్పుని అరుగుదల కింద తోసేస్తారు, పైసా రాదు. నీ పద్ధతి మంచిదే. కట్టేవాడెవడు?

మేనల్లుడు: రెండు రేట్లూ కాగితం మీద రాసివ్వు. తక్కువ రేటులో ఏం చెయ్యమో కూడా రాయి. ఎంచుకునేది ఆయన.

మేనమామ: అది నాకు నచ్చదు. "చెయ్యం" అని రాసేస్తే చెడ్డ పనికి సంతకం పెట్టించుకున్నట్టు. నేనైతే ఖర్చు వేరే చోట తగ్గిస్తా. డోరు మొత్తానికి రంగు ఎందుకు? నడుమ గీత దాకా కింది సగానికే వేస్తా. రన్నింగ్ బోర్డు అడుగు ఎవరికీ కనపడదు, అక్కడ మెరుపు మానేసి గరుకు నలుపు కొడతా. ఆ మిగిలిన డబ్బు ఎపాక్సీకి, వ్యాక్స్‌కి పెడతా.

మేనల్లుడు: తెలుపులో కూడా షేడు తేడా తెలుస్తుంది మావయ్యా. బండి తీసుకునేటప్పుడే గొడవ పెట్టుకుంటాడు.

మేనమామ: పెట్టుకోనీ. షేడు తేడా ఇవాళ కనపడుతుంది కాబట్టి ఇవాళే నాతో గొడవ. తుప్పు రెండేళ్ళకి కనపడుతుంది, అప్పుడు గొడవ పెట్టుకోడు, వేరే షెడ్డుకి పోతాడు. ఈ బండి మన దగ్గరికి ఎలా వచ్చిందనుకున్నావు? అందుకే ఈ పనిలో అందరూ కనపడేదానికే ఖర్చు పెట్టిస్తారు. చెడిపోయిన పని చేసినవాడి దగ్గరికి తిరిగిరాదు.

మేనల్లుడు: అయితే కనపడనిదాన్ని కనపడేలా చేద్దాం. కోసిన తర్వాత రేకు ఎలా ఉందో ఫొటో. ఎపాక్సీ పడ్డాక ఫొటో. వ్యాక్స్ కొట్టాక లోపల ఫోను పెట్టి వీడియో. నీ చెంబు నీళ్ళు రెండు బెజ్జాల్లోంచీ కారేటప్పుడు ఇంకో వీడియో. మాస్టారికి పంపు. షేడు తేడా ఎందుకు ఒప్పుకోవాలో ఆయనకే తెలుస్తుంది.

మేనమామ: ఇదొక్కటి నీ వర్క్‌షాపులో కూడా చెయ్యి, అక్కడి బిల్లులు ఇంకా పెద్దవి. సరే, డోరు ప్యాడ్ మూసేలోపల తియ్యి ఫొటోలు. ఎక్కడైనా తియ్యడానికి నీ చెయ్యి వెనకాడితే ఆ చోట పని మళ్ళీ చేసి, అప్పుడు తియ్యి.